ఇంటి దగ్గరే కారు బ్రేక్ ఆయిల్ మార్చుకోవడం ఎలా: నాలుగు చక్రాల దగ్గరా కొత్త ఆయిల్ వచ్చేదాకా

బ్రేక్ ఆయిల్‌కి తేమను పీల్చుకునే గుణం ఉంది. పేరుకి ఆయిల్ అంటాం గానీ మన కార్లలో వాడేది నూనె కాదు, గ్లైకాల్ ఈథర్ జాతి రసాయనం. బానెట్ కింద ఉండే రిజర్వాయర్, అంటే బ్రేక్ ఆయిల్ పోసే డబ్బా, దాని మూతకి సన్నటి గాలిదారి ఉంటుంది. చక్రాల దగ్గర రబ్బరు గొట్టాలుంటాయి. ఈ రెండు దారుల్లోనూ తేమ కొద్దికొద్దిగా లోపలికి చేరుతూనే ఉంటుంది. కారు రోజూ తిప్పినా, వారానికోసారి తీసినా ఒకటే. పక్కనే కృష్ణ, ఊరి మధ్య నుంచి మూడు కాలవలు, వానలు పడ్డాక కూడా వదలని ఉక్కపోత ఉన్న విజయవాడలో ఆ తేమకు కొదవేముంది?

నీళ్లు చేరితే ఏమవుతుందో అంకెల్లో చూడండి. బ్రేక్ ఆయిల్ రకాలకు డాట్ నంబర్లుంటాయి. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు కలిస్తే ఆ హద్దు 155కి దిగుతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. ఘాట్ రోడ్డులో ఆపకుండా బ్రేక్ మీద కాలుంచి దిగితే చక్రాల దగ్గర పుట్టే వేడి ఈ పాత ఆయిల్‌ని మరిగించగలదు. ద్రవాన్ని ఎంత నొక్కినా నలగదు, అందుకే మన కాలి ఒత్తిడి చక్రం దాకా చేరుతుంది. మరిగి ఆవిరి బుడగలు వస్తే మాత్రం అవి నలుగుతాయి. మీరు నొక్కిందంతా ఆ బుడగలను నలపడానికే సరిపోతుంది, బ్రేక్ పడదు.

ఇది నాకు అనుభవమైంది. శ్రీశైలం వెళ్లి వస్తూ దోర్నాల ఘాట్‌లో దిగుతుంటే, ఒక మలుపు దగ్గర పెడల్ ఒక్కసారిగా మెత్తబడి కిందికి పోయింది. వెనక సీట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్నారు. గేరు సెకండ్‌కి దించి, హ్యాండ్ బ్రేక్ మెల్లమెల్లగా లాగుతూ కొండ వైపు పక్కకి తీసి ఆపాను. అరగంట చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడింది, ఏమీ జరగనట్టే. అంతకు ఆరు నెలల ముందే సర్వీసింగ్‌లో బ్రేక్ ఆయిల్ మార్చినట్టు బిల్లు కట్టాను. ఇంటికొచ్చాక చూస్తే రిజర్వాయర్‌లో ఆయిల్ శుభ్రంగానే ఉంది. వెనక చక్రం దగ్గర నిపుల్ (ఆయిల్‌ని బయటికి వదిలే చిన్న మర) విప్పితే మాత్రం కాఫీ డికాషన్‌లాంటిది కారింది. పైన డబ్బాలో ఉన్నది తోడేసి కొత్తది పోశారు, పైపుల్లో ఉన్న పాతది అలాగే వదిలేశారు. అప్పటినుంచి ఈ పని నేనే చేసుకుంటున్నాను. మీరూ చేసుకోవచ్చు. పని కష్టమైంది కాదు, కానీ వరసగా, తొందర లేకుండా చేయాలి.

ఎప్పుడు మార్చాలి, ఎవరు చేయకూడదు

చాలా చిన్న కార్ల మాన్యువల్స్‌లో రెండేళ్లకోసారి అని ఉంటుంది, కొన్నింటిలో దాంతో పాటు 40,000 కిలోమీటర్లు అన్న లెక్క కూడా ఉంటుంది. ఏది ముందొస్తే అది. మీ కారు మాన్యువల్ చూసి ఆ మాట పాటించండి. రంగు చూసి నిర్ణయించకండి. నీరు చేరిన ఆయిల్ కూడా పైకి శుభ్రంగానే కనిపించవచ్చు.

ఇంకో సందర్భం ఉంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అలా బానెట్ దాకా మునిగిన కారు మీ దగ్గరుంటే, లేదా అలాంటిది సెకండ్ హ్యాండ్‌లో కొన్నారని అనుమానం ఉంటే, తేదీలు లెక్కపెట్టకుండా వెంటనే మార్చండి. మూతకున్న గాలిదారిలోంచి వరదనీరు లోపలికి పోయి ఉండవచ్చు.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి బ్రేక్ ఒత్తిడి ఎలక్ట్రానిక్ యూనిట్ ద్వారా నడుస్తుంది. వాటికి స్కానర్ పెట్టి బ్లీడింగ్ (పాత ఆయిల్, గాలి బయటికి తీయడం) మోడ్‌లో పెట్టాలి. ఆ పని ఇంట్లో వద్దు. మామూలు ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారుకి అయితే, రిజర్వాయర్ ఖాళీ అవకుండా జాగ్రత్తపడితే ఇంట్లో మార్చుకోవచ్చు. ఖాళీ అయి ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి పోతే మాత్రం దానికీ స్కానర్ కావలసి వస్తుంది.

ముందుగా తెచ్చిపెట్టుకునేవి

రిజర్వాయర్ మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే తీసుకోండి. డాట్ 3 చెప్పిన కారుకి డాట్ 4 పోయవచ్చు, డాట్ 4 చెప్పినదానికి డాట్ 3 పోయకూడదు. డాట్ 5 జోలికి అసలు పోవద్దు, అది సిలికాన్ రకం, దీనితో కలవదు. డాట్ 5.1 వేరు, అది గ్లైకాల్ రకమే. అంకె దగ్గర దగ్గరగా ఉంది కదా అని పొరపాటు పడకండి.

ఆటోనగర్‌లో ఏ స్పేర్ పార్ట్స్ షాపులో అడిగినా దొరుకుతుంది. 500 మి.లీ. సీల్డ్ డబ్బాలు రెండు తీసుకోండి. తెరిచి ఉన్న పెద్ద డబ్బాలోంచి సీసాలోకి పోసిస్తామంటే వద్దనండి. సీల్ విప్పి నెలలైన ఆయిల్ అప్పటికే తేమ తాగేసి ఉంటుంది. మీ దగ్గర పని అయ్యాక మిగిలిందీ అంతే, వచ్చే ఏడాదికి దాచకండి.

చేపల తొట్టెలు అమ్మే షాపులో గాలి పంపుకి వాడే, లోపలిది కనిపించే ట్యూబు ఒక మీటరు తీసుకోండి, నిపుల్ మీద బిగుతుగా పడుతుంది. లోపల ఏం వస్తోందో కంటికి కనబడాలి, అందుకే అలాంటిదే కావాలి. ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా, దాని మూతకి ట్యూబు పట్టేంత రంధ్రం. రిజర్వాయర్‌లోంచి తోడడానికి పెద్ద సిరంజి. నిపుల్ సైజుకి సరిపడే రింగు పానా: చాలా కార్లకి 8 లేదా 10. ఓపెన్ పానా పనికిరాదు, అది నిపుల్ మూలల్ని అరగదీస్తుంది. చేతులకు గ్లౌజులు, కళ్లకి అద్దాలు, పాత గుడ్డలు, పక్కనే బకెట్ నీళ్లు. జాకీ మీద నమ్మకం పెట్టుకోకుండా కనీసం ఒక జాక్ స్టాండ్. స్టాండ్ బదులు ఇటుకలు పెట్టేవాళ్లని చూశాను. దయచేసి ఆ పని చేయకండి, ఇటుక ఏ హెచ్చరికా లేకుండా పగిలిపోతుంది.

వీటన్నిటికంటే ముఖ్యం, పెడల్ నొక్కడానికి మీ మాట వినే ఒక మనిషి. ఫోన్ పక్కన పడేసి కూర్చునేవాళ్లయితే మంచిది.

ముందు రోజు సాయంత్రం ఒక పని

నాలుగు చక్రాల దగ్గరా బ్లీడర్ నిపుల్స్ ఎక్కడున్నాయో చూసుకోండి. ముందు చక్రాలకు కాలిపర్ (డిస్క్‌ని రెండు వైపులా నొక్కి పట్టే భాగం) పైభాగంలో, వెనక డ్రమ్ అయితే లోపలివైపు ప్లేటు మీద, చిన్న రబ్బరు టోపీ పెట్టి ఉంటుంది. టోపీ తీసి మట్టి తుడిచి, నిపుల్ మొదట్లో తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. మళ్లీ ట్యూబు పెట్టేముందు పైన ఉన్న స్ప్రేని పూర్తిగా తుడిచేయాలి. పెట్రోలియం నూనెలు బ్రేక్ రబ్బరుకి శత్రువులు, ఒక్క చుక్క లోపలికి పోయినా సీల్స్ ఉబ్బిపోతాయి. ఇదే కారణంతో ఇంజిన్ ఆయిల్ అంటిన సిరంజిగానీ గరాటుగానీ ఈ పనికి వాడకూడదు.

పొద్దున ఆయిల్ తోడేముందే నాలుగు నిపుల్స్‌నీ పానాతో కొంచెం వదులుచేసి వెంటనే బిగించి చూడండి. ఏదైనా కదలకపోతే బలవంతం చేయవద్దు. సన్నటి నిపుల్ విరిగితే కాలిపరే విప్పాల్సి వస్తుంది. అది ఇంట్లో పని కాదు. నాలుగూ కదిలాయి అన్నాకే మిగతా పని మొదలుపెట్టండి.

పని మొదలు

వాన పడే రోజు వద్దు. ఎండాకాలమైతే పొద్దున ఆరింటికే మొదలెట్టండి. మా పటమట ఇంటి ముందున్న సిమెంటు చప్టా లాంటి గట్టి, సమానమైన నేల కావాలి. ఇంజిన్ ఆపి ఉంచాలి. ఇంజిన్ ఆపిన కారులో పెడల్ నాలుగైదుసార్లు నొక్కితే, బ్రేక్ నొక్కడం తేలిక చేసే బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ పోయి పెడల్ గట్టిపడుతుంది.

మూత చుట్టూ దుమ్ము తుడిచాకే విప్పండి. సిరంజితో పాత ఆయిల్‌ని తోడండి, కానీ అడుగున ఉన్న రంధ్రాలు బయటపడేంత వరకు కాదు. అడుగున కొంచెం మిగలాలి. కొత్తది మ్యాక్స్ గీత దాకా పోసి, మూత వదులుగా పైన పెట్టండి. చుట్టూ ఉన్న పెయింట్ మీద పాత ప్లాస్టిక్ షీటు కప్పండి. చుక్క పడితే తుడవకండి, ముందు నీళ్లు పోయండి. ఈ ఆయిల్ పెయింట్‌ని ఉడకబెట్టినట్టు లేపేస్తుంది, నీటితో మాత్రం తేలిగ్గా కడిగేసుకోవచ్చు. కంట్లో పడితే పావుగంటసేపు నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

వరస: మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు తోసే భాగం) ఎక్కువ దూరంలో ఉన్న చక్రం నుంచి దగ్గరున్నదాని వైపు రావాలి. మన కార్లలో స్టీరింగ్ కుడివైపు కాబట్టి మామూలుగా వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మీ మాన్యువల్‌లో వేరే వరస ఉంటే దాన్నే పట్టుకోండి.

కారు లేపేటప్పుడు కదలకుండా ఎలా పట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. వెనక చక్రం లేపినప్పుడు ముందు చక్రాలకి రెండు వైపులా అడ్డు పెట్టి, ఫస్ట్ గేర్‌లో ఉంచండి. డ్రమ్‌ల కోసం హ్యాండ్ బ్రేక్ వదిలేయాలి కాబట్టి ఆ అడ్డే మీకు ఆధారం. ముందు చక్రం లేపినప్పుడు గేరు నమ్మకండి, ఒక చక్రం గాల్లో ఉంటే డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే భాగం) వల్ల గేరు కారుని పట్టి ఉంచలేదు. అప్పుడు హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టాలి. చక్రం ఊడదీశాక దాన్ని బాడీ కింద పడుకోబెట్టండి. స్టాండ్ జారినా కారు మీ మీదికి రాదు.

పెడల్ కింద అంగుళం, అంగుళంన్నర మందం చెక్క ముక్క పెట్టండి. పాత కార్లలో మాస్టర్ సిలిండర్ చివరి భాగం రోజూ వాడనిది, అక్కడ తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. పెడల్ నేల దాకా పోతే లోపలి సీల్స్ ఆ గరుకు మీద రాసుకుని కోసుకుపోతాయి. చాలాచోట్ల బ్లీడింగ్ తర్వాత మాస్టర్ సిలిండర్ పాడైపోయిందనడానికి కారణం ఇదే.

నొక్కు, పట్టుకో, బిగించా, వదులు

ట్యూబు ఒక చివర నిపుల్‌కి తగిలించే ముందే పానా ఎక్కించండి. రెండో చివర సీసాలో కొద్దిగా పోసిన కొత్త ఆయిల్‌లో మునిగి ఉండాలి. మా బావమరిది సీట్లో కూర్చుంటాడు, నేను చక్రం దగ్గర. మాటలు ముందే ఖాయం చేసుకున్నాం, ఎప్పుడూ అవే.

"నొక్కరా."

"నొక్కా బావా."

అన్నాక మాత్రమే నిపుల్‌ని పావు వంతు తిప్పుతాను. ఆయిల్ ట్యూబులో దూసుకుపోతుంది, అతని కాలు కిందికి దిగుతుంది.

"పట్టుకో, వదలకు." నిపుల్ బిగిస్తాను. "బిగించా, వదులు."

"వదిలా బావా."

ఇదే మొత్తం పని, మళ్లీ మళ్లీ. ఇందులో తప్పకూడనిది ఒక్కటే: నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి. తెరిచి ఉండగా వదిలితే పెడల్ వెనక్కి వస్తూ గాలిని, పాత ఆయిల్‌ని లోపలికి లాగేసుకుంటుంది. కాబట్టి కూర్చున్న మనిషి "వదులు" అన్న మాట స్పష్టంగా వినకుండా కాలు తీయకూడదు. పెడల్ కొంచెం కిందికి జారుతుంటే టెన్షన్ పడి కాలు తీసేస్తారు, అది ముందే చెప్పి ఉంచండి. దబదబా కొట్టడం కూడా వద్దు, నిదానంగా నొక్కి, నిదానంగా వదలాలి.

ఇక్కడ ట్యూబునే చూస్తూ ఉండండి. మొదట డికాషన్ రంగులో, సన్నటి నల్లటి నలకలతో వస్తుంది. తర్వాత తేనె రంగుకి మారుతుంది. ఆ తర్వాత కొత్త డబ్బాలో ఉన్న రంగు. మధ్యలో ఆవగింజంత బుడగలు ట్యూబులో జారిపోతాయి. కొన్ని నిపుల్ దగ్గరే ఆగి ఉంటాయి. అవి నిపుల్ మరల్లోంచి వచ్చే గాలి కావచ్చు, లోపలిది కాదు. వాటిని చూసి గంటల తరబడి కొనసాగించనక్కర్లేదు. ప్రవాహంతో పాటు సీసా వైపు కదిలే బుడగలు ఆగాలి, రంగు తేలిపోవాలి. రెండూ అయ్యాక ఇంకో నాలుగు నొక్కుళ్లు వేసి అప్పుడు ఆపండి.

ప్రతి ఐదారు నొక్కుళ్లకి లేచి రిజర్వాయర్ చూడండి. మిన్ గీత దాటి కిందికి పోకముందే పోయండి. నేను బావమరిదిని ఐదు దగ్గర లెక్క చెప్పమంటాను, చెప్పగానే పైకి లేస్తాను. రంగు మారుతున్న సంబరంలో దీన్ని మర్చిపోతే రిజర్వాయర్ ఖాళీ అవుతుంది, నాలుగు చక్రాలూ మళ్లీ మొదటినుంచి చేయాలి.

ఎంత ఆయిల్ పడుతుంది? నా చిన్న హ్యాచ్‌బ్యాక్‌కి వెనక ఎడమ చక్రానికి సుమారు 250 మి.లీ., చివర్లో ముందు కుడి చక్రానికి 100 దాకా పడుతుంది. మొత్తం ముప్పావు లీటరు. లైను పొడుగు తగ్గేకొద్దీ ఆయిల్ తగ్గుతుంది.

కొన్ని కార్లలో క్లచ్‌కి కూడా ఇదే రిజర్వాయర్. గొట్టం రిజర్వాయర్ నుంచి గేర్‌బాక్స్ వైపు వెళ్తే అక్కడ కూడా నిపుల్ ఉంటుంది, దాన్నీ ఇదే పద్ధతిలో చివర్లో తీయండి. క్లచ్ పెడల్ తనంతట తాను పైకి రాకపోతే చేత్తో లాగండి.

బిగించడం, పరీక్షించడం

నిపుల్ చిన్నది, మరలు సన్నవి. టార్క్ రెంచ్ ఉంటే మాన్యువల్‌లో ఉన్న విలువ చూసి బిగించండి, చాలా కార్లలో 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. లేకపోతే పొట్టి పానా మీద మణికట్టు బలంతోనే బిగించండి, భుజం బలం పెట్టకండి. ట్యూబు తీసి నిపుల్ చుట్టూ నీళ్లు పోసి తుడిచి, రబ్బరు టోపీ పెట్టండి. టోపీ లేకపోతే నిపుల్ లోపలికి మట్టి చేరి వచ్చేసారికి పూడుకుపోతుంది. డ్రమ్, డిస్క్ మీద ఆయిల్ చుక్క పడి ఉంటే బ్రేక్ క్లీనర్‌తో శుభ్రం చేయండి, లేకపోతే బ్రేక్ పట్టదు.

రిజర్వాయర్ మ్యాక్స్ దాకా పోసి మూత బిగించండి. ఇప్పుడు కారు కదిలించకుండా పెడల్‌ని గట్టిగా నొక్కి ఒక నిమిషం పట్టుకోమని చెప్పండి, మీరు నాలుగు నిపుల్స్ చుట్టూ వేలితో తడిమి తడి ఉందేమో చూడండి. తర్వాత కాలు పెడల్ మీదే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగి ఆగితే బూస్టర్ సరిగా ఉందని అర్థం. నేల దాకా జారిపోతున్నా, స్పాంజిలా ఉన్నా గాలి మిగిలి ఉంది, వరస మళ్లీ చేయండి. రెండోసారికి కూడా తేడా రాకపోతే ఆ కారు నడపకండి. మెకానిక్‌ని ఇంటికి పిలిపించండి, పెడల్ మెత్తగా ఉన్న కారుని ఆటోనగర్ దాకా తీసుకెళ్లాలనే ఆలోచన పెట్టుకోవద్దు.

పెడల్ గట్టిగా ఉంటే, ముందు వీల్ నట్లు ఎదురెదురుగా, కారు నేల మీద ఉండగా బిగించి, ఆ తర్వాత వీధిలోనే నడకవేగంతో నాలుగుసార్లు బ్రేక్ వేసి చూడండి.  ఓ యాభై కిలోమీటర్లు తిరిగాక నట్లు ఇంకోసారి చూడండి. ఆ తర్వాతే ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డైనా, హైవే అయినా. కొండ దిగేటప్పుడు కొత్త ఆయిల్ ఉన్నా సరే, గేరు తగ్గించే దిగండి.

పాత ఆయిల్ సీసా మీద "బ్రేక్ ఆయిల్, విషం" అని పెద్ద అక్షరాలతో రాసి, పిల్లలకి అందని చోట పెట్టండి. కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచడం చాలా ప్రమాదం. డ్రైనేజీలో పోయవద్దు, మన డ్రైన్లు చాలావరకు కాలవల్లోకే వెళ్తాయి. ఇంజిన్ ఆయిల్‌తో కలపకుండా, పాత ఆయిల్ సేకరించే వర్క్‌షాప్‌కి ఇది బ్రేక్ ఆయిల్ అని చెప్పి ఇవ్వండి.

చివరిగా, మాస్కింగ్ టేపు ముక్క మీద ఈరోజు తేదీ, మీటర్‌లో ఉన్న కిలోమీటర్లు, పోసిన డాట్ నంబరు రాసి రిజర్వాయర్ పక్కన బానెట్ లోపల అంటించండి. నా కారులో ఇప్పుడు అలాంటివి మూడు ముక్కలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.